ఐల్ట్స్ రీడింగ్, రైటింగ్ రెండూ 5.5 దగ్గరే ఆగిపోయాయి, ఈసారి ఎలా ప్రిపేర్ అవ్వాలి?

పల్నాడు_కుర్రాడు:

అందరికీ నమస్తే. మాది నరసరావుపేట దగ్గర ఊరు, టెన్త్ దాకా తెలుగు మీడియం, బీటెక్ అయిపోయింది, మాస్టర్స్‌కి ఆస్ట్రేలియా వెళ్దామని చూస్తున్నా. దానికి అడిగే ఇంగ్లీష్ పరీక్ష ఐల్ట్స్ అకడమిక్ కంప్యూటర్ మీద రాశా, లిజనింగ్ 6.5, స్పీకింగ్ 6 వచ్చాయి కానీ రీడింగ్ 5.5, రైటింగ్ కూడా 5.5, ఓవరాల్ 6 ఇచ్చారు. నేను అప్లై చేసే యూనివర్సిటీకి ఓవరాల్ 6.5 ఉండాలి, ఏ ఒక్క సెక్షన్‌లోనూ 6కి తగ్గకూడదు.

రీడింగ్‌లో మొదటి ప్యాసేజ్ బాగానే చేస్తా, రెండోది అయ్యేసరికే టైం చాలావరకు అయిపోతుంది, మూడోదానికి వచ్చేసరికి కంగారులో ఏదో ఒకటి నొక్కేయడమే. ట్రూ ఫాల్స్ నాట్ గివెన్ అయితే ఎన్ని మాక్‌లు రాసినా అర్థం కావట్లేదు, నాట్ గివెన్ అనుకున్నది ఫాల్స్ అవుతుంది, ఫాల్స్ పెడితే నాట్ గివెన్ అంటారు. రైటింగ్‌కి కోచింగ్‌లో టెంప్లేట్ ఇచ్చారు, పెద్ద పెద్ద పదాల లిస్ట్ కూడా ఇచ్చారు, అవన్నీ బట్టీపట్టి రాశా, అయినా 5.5 దాటలేదు. ఇంట్లో మళ్లీ ఫీజు కట్టమని అడగాలంటే మనసు ఒప్పుకోవట్లేదు, అందుకే ఈసారి సరిగ్గా ప్రిపేర్ అయ్యే రాయాలనుకుంటున్నా. రాసినవాళ్లు, నేర్పేవాళ్లు ఎవరైనా ఉంటే కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

గోదారి_గట్టు:

తమ్ముడూ, నేను రాజమండ్రిలో పిల్లలకి ఇదే చెప్తుంటాను కాబట్టి రీడింగ్ వరకు నేను రాస్తాను, రైటింగ్ ఇక్కడ మిగతావాళ్లు చెప్తారు.

ముందు నీ టార్గెట్ అంకెల్లో చూసుకో. 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, ఒక్కో ప్రశ్నకి ఒక మార్కు, తప్పు పెడితే మైనస్ ఏమీ లేదు. అకడమిక్‌లో సుమారు 23 కరెక్ట్ అయితే 6, 30 అయితే 7, పేపర్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. అంటే 27 దాకా కరెక్ట్ చేయగలిగితే నీ పని అయిపోయినట్టే, పదమూడు ప్రశ్నలు తప్పు చేసే వీలు నీకుంది. ఇది తెలియక చాలామంది 40కి 40 కొట్టాలన్నట్టు ఒక్కో ప్రశ్న దగ్గర నాలుగైదు నిమిషాలు కూర్చుండిపోతారు, ఆ కూర్చోవడమే మూడో ప్యాసేజ్ టైం తినేస్తుంది. కష్టమైన ప్రశ్నకీ ఒక మార్కే, తేలికైనదానికీ ఒక మార్కే కదా. నిమిషంన్నర దాటినా తేలకపోతే ఏదో ఒక ఆన్సర్ పెట్టేసి, గుర్తు పెట్టుకుని ముందుకెళ్లు, చివర్లో టైం మిగిలితే వెనక్కి రావచ్చు. మామూలుగా మూడో ప్యాసేజ్ అన్నిటికంటే కష్టంగా ఉంటుంది కాబట్టి ఇరవై ఇరవై ఇరవై అని సమానంగా పంచకు, మొదటిది 15 నిమిషాల్లో ముగించడం అలవాటు చేసుకుంటే మూడోదానికి 25 మిగులుతాయి.

ఇక ట్రూ ఫాల్స్ నాట్ గివెన్. దీన్ని నేను క్లాసులో మన ధవళేశ్వరం ఆనకట్టతోనే చెప్తాను. ప్యాసేజ్‌లో ఇలా ఉందనుకో: "గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పనులు 1847లో మొదలై 1852లో పూర్తయ్యాయి. ఆ తర్వాత డెల్టాలో సాగు విస్తీర్ణం బాగా పెరిగింది." ఇప్పుడు మూడు వాక్యాలు ఇచ్చారనుకో. ఒకటి, ఆనకట్ట కట్టాక డెల్టాలో ఎక్కువ భూమి సాగులోకి వచ్చింది. రెండు, ఆనకట్ట కట్టడానికి పదేళ్ల పైనే పట్టింది. మూడు, ఆనకట్ట కట్టించింది కాటన్ దొర. మొదటిది ట్రూ, మాటలు వేరైనా విషయం అదే. రెండోది ఫాల్స్, ఎందుకంటే 1847 నుంచి 1852 అని ప్యాసేజే చెప్తోంది కాబట్టి పదేళ్లు అనే మాట దానితో కుదరదు. మూడో దగ్గర మా పిల్లలు అందరూ ట్రూ అంటారు, గోదావరి జిల్లాల్లో కాటన్ విగ్రహం చూడకుండా పెరిగినవాళ్లు ఎవరుంటారు చెప్పు. కానీ ఆ రెండు వాక్యాల్లో కాటన్ పేరు ఎక్కడా లేదు, కాబట్టి నాట్ గివెన్. నీకు తెలిసిన నిజం అక్కడ లెక్కలోకి రాదు, ఆ ప్యాసేజ్ ఏం చెప్పిందో అంతే.

కాబట్టి ప్రతి వాక్యం దగ్గరా నిన్ను నువ్వు ఇలా అడుగు: ఇది తప్పు అని నిరూపించడానికి ప్యాసేజ్‌లో నేను వేలు పెట్టి చూపించగల లైన్ ఉందా? ఉంటే ఫాల్స్. నిజమని చూపించే లైన్ ఉంటే ట్రూ. ఆ టాపిక్ గురించి మాట్లాడారు గానీ ఆ పాయింట్ మాత్రం చెప్పలేదంటే నాట్ గివెన్. ఇంకో విషయం, అన్నీ, కొన్ని, ఎక్కువ శాతం, మాత్రమే, మొట్టమొదటి, ఉండవచ్చు అనే అర్థం వచ్చే చిన్న మాటల మీదే సగం ప్రశ్నలు నడుస్తాయి. ప్యాసేజ్‌లో "చాలామంది రైతులు" అని ఉండి ప్రశ్నలో "రైతులందరూ" అని ఉందంటే అక్కడే ఆగి చూడాలి. ఈ ప్రశ్నలు ప్యాసేజ్‌లో ఉన్న వరసలోనే వస్తాయి, కాబట్టి నాలుగోదానికీ ఆరోదానికీ ఆన్సర్ దొరికితే ఐదోది ఆ రెండింటి మధ్యలోనే ఉండాలి, అక్కడ లేదంటే నాట్ గివెన్ అని పెట్టేసి కదులు, ప్యాసేజ్ అంతా వెతుకుతూ కూర్చోకు.

ఖాళీలు నింపేవాటిలో మార్కులు అన్యాయంగా పోతుంటాయి. రెండు పదాలకి మించకూడదు అంటే మూడు రాస్తే సున్నా, స్పెల్లింగ్ తప్పితే సున్నా, ఏకవచనం బహువచనం తేడా వచ్చినా పోయినట్టే. ప్యాసేజ్‌లో ఉన్న పదాన్ని ఒక్క అక్షరం మారకుండా ఎక్కించి, ఆ వాక్యం మొత్తం ఒకసారి చదువుకో, గ్రామర్ కుదరకపోతే పదం తప్పు పట్టుకున్నావని అర్థం.

మెల్‌బోర్న్_ఓరుగల్లు:

తమ్మీ, నేను గూడ తెలుగు మీడియమే, హన్మకొండల చదువుకున్న, ఇప్పుడు ఇక్కడ మాస్టర్స్ చేస్తున్న. రైటింగ్ గురించి నేను చెప్త.

టెంప్లేట్ బట్టీ కొట్టి రాస్తే ఎగ్జామినర్‌కి మొదటి రెండు లైన్లలనే తెలిసిపోతది. రోజూ అవే ఎస్సేలు దిద్దేటోళ్లు కదా, "ఇన్ దిస్ కాంటెంపరరీ ఎరా" అని మొదలువెట్టి నాలుగు లైన్లు ఏ టాపిక్‌కైనా అతికేటట్టు రాస్తే అవి నీ మాటలు కావని చూస్తరు. రైటింగ్‌కు నాలుగు విషయాల మీద మార్కులేస్తరు, నాలుగిటికి సమానంగ: అడిగిందానికి జవాబు చెప్పినవా లేదా, పేరాలు ఒకదాని వెనక ఒకటి సాఫీగ నడుస్తున్నయా, పదాలు ఎట్ల వాడినవ్, గ్రామర్ ఎట్లుంది. పెద్ద పదాల లిస్టు ఇచ్చిన్రు అంటున్నవ్ గద, అది నాలుగిట్ల ఒక్కదానికే పనికొస్తది, అదిగూడ సరైన చోట వాడితేనే. తెలిసిన చిన్న పదం కరెక్టుగ వాడితేనే నయం.

టాస్క్ వన్ అంటే గ్రాఫ్ చూసి రాసేది, దానికి కనీసం 150 పదాలు, 20 నిమిషాలు, టాస్క్ టూ అంటే ఎస్సే, దానికి కనీసం 250 పదాలు, 40 నిమిషాలు, టాస్క్ టూ బరువు డబల్. అందుకని టాస్క్ వన్ మీద అరగంట కూసోవద్దు. టాస్క్ వన్ల చాలామంది చేసేదేందంటే గ్రాఫ్‌ల ఉన్న ప్రతి అంకెను వరుసవెట్టి చదివిపెడతరు, ఓవర్‌వ్యూ రాయరు. టెస్ట్ పెట్టేటోళ్లు బయటపెట్టిన బ్యాండ్ డిస్క్రిప్టర్లల, అంటే ఏ స్కోర్‌కు రాత ఎట్లుంటదో చెప్పే పట్టికల చూడు, స్పష్టమైన ఓవర్‌వ్యూ లేకుండ వివరాలు మాత్రమే ఏకరువు పెడితే అది 5 దగ్గరి లక్షణం, ఓవర్‌వ్యూ క్లియర్‌గ ఉండుడు 7 దగ్గరి లక్షణం. ఓవర్‌వ్యూ అంటే కష్టమేం కాదు. గ్రాఫ్‌ను దూరం నుంచి చూసి మీ అమ్మకు ఫోన్‌ల చెప్పాలంటే ఏం చెప్తవ్? "మూడు దేశాలల్ల పెరిగింది, రెండో దేశం మొదట్ల అందరికంటే వెనకుండె, చివరికి ముందుకొచ్చింది" అని చెప్తవ్, అంకెలు చెప్పవ్ గద. గదే రెండు వాక్యాల్ల రాయాలె, తర్వాత పేరాలల్ల అంకెలు. ఎందుకు పెరిగిందో కారణాలు నువ్వు కల్పించి రాయొద్దు, గ్రాఫ్‌ల లేనిది ఏదీ రావొద్దు.

టాస్క్ టూల మనోళ్లకు వచ్చే కష్టం వేరే. ఐడియాలు మస్తుంటయ్, అన్నీ ఒక్క పేరాల కుక్కుతం, ఒక్కొక్కటి సగం చెప్పి వదిలేస్తం. నగరాలల్ల సొంత కార్లు తగ్గించాలి, నువ్వు ఒప్పుకుంటవా అని అడిగిన్రనుకో. ట్రాఫిక్ తగ్గుతది, కాలుష్యం తగ్గుతది, డబ్బులు మిగులుతయ్, ఆరోగ్యం బాగుంటది అని నాలుగు రాస్తే అది లిస్టు అయితది. ఒక్క పాయింట్ పట్టుకో: పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్ ఇంటి దాకా చేరనంత కాలం జనం బండి వదలరు. ఎందుకు? హైదరాబాద్‌ల మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో ఉంది, ఎక్కుడు ఈజీనే, గని స్టేషన్ల దిగినంక కాలనీకి బస్సు లేనోడు ఏం చేస్తడు, పొద్దున్నే బండి తీస్తడు. కాబట్టి ముందు ఆ చివరి రెండు కిలోమీటర్ల సంగతి చూడాలె, తర్వాత కార్ల మీద పడాలె. చూసినవా, ఒక్క పాయింట్, కారణం, నువ్వు చూసిన ఉదాహరణ, దాన్నుంచి వచ్చే మాట, పేరా నిండిపోయింది. నీ అనుభవం నుంచి ఉదాహరణ ఇయ్యమని ప్రశ్నలనే ఉంటది. దొంగ సర్వేలు, ఏదో యూనివర్సిటీ రీసెర్చ్ అని కల్పించకు, నీ ఊరి ముచ్చట నిజాయితీగ రాస్తే అదే బలంగ ఉంటది.

ఇగ గ్రామర్. తెలుగుల మనం "లేచి, తయారై, బస్సెక్కి, ఆఫీసుకు పోయి" అని ఒకే వాక్యంల గుంజుకుంట పోతం, అది మన భాషకు అందం. ఇంగ్లీషుల అట్లనే కామాలు పెట్టుకుంట పోతే వాక్యం విరిగిపోతది. ఒక వాక్యంల రెండు కంటే ఎక్కువ పనులు కనబడితే ఫుల్‌స్టాప్ పెట్టు. ఏ, ది అనే ఆర్టికల్స్ మన భాషల లేవు కాబట్టి అవి జారిపోతయ్, "హీ", "ఇట్" తర్వాత క్రియకు ఎస్ మర్చిపోతం. చివరి ఐదు నిమిషాలు కొత్తగ ఏం రాయకుండ ఈ మూడే వెతుకు. కంప్యూటర్‌ల స్పెల్‌చెక్ ఉండదు, పదాల లెక్క మాత్రం స్క్రీన్ మీద కనిపిస్తది, అందుకని ప్రాక్టీస్ కూడ స్పెల్‌చెక్ ఆపేసి నోట్‌ప్యాడ్‌లనే చెయ్యి.

లెక్క_చూద్దాం:

పై ఇద్దరూ చదువు సంగతి చెప్పారు, నేను బ్యాండ్ల లెక్క ఒక్కటే చెప్తా, ఎందుకంటే దీనివల్ల నీ ప్లాన్ మారుతుంది. నీ నాలుగూ కలిపితే 23.5, నాలుగుతో భాగిస్తే 5.875, అది 6కి రౌండ్ అయింది. యావరేజ్ చివర .25 వస్తే పైన ఉన్న అర బ్యాండ్‌కి, .75 వస్తే పైన ఉన్న పూర్తి బ్యాండ్‌కి వెళ్తుంది. లిజనింగ్, స్పీకింగ్ ఇలాగే నిలబెట్టుకుని రీడింగ్ 6.5, రైటింగ్ 6 తెచ్చుకుంటే మొత్తం 25, యావరేజ్ 6.25, అది 6.5 అవుతుంది. అంటే రైటింగ్ 7 తేవాలని ప్రాణం మీదకి తెచ్చుకోనక్కర్లేదు, రైటింగ్ అర బ్యాండ్, రీడింగ్ ఒక బ్యాండ్ పెరిగితే చాలు. వీటిలో రీడింగ్ తొందరగా పెరిగేది, తప్పొప్పులు కళ్లకి కనపడతాయి కాబట్టి.

వన్ స్కిల్ రీటేక్ గురించి ఎవరైనా చెప్పి ఉంటారు, కంప్యూటర్ టెస్ట్ రాసినవాళ్లు 60 రోజుల్లోపు ఒక్క సెక్షన్ మాత్రం మళ్లీ రాసుకోవచ్చు. కానీ నీకు రెండు సెక్షన్లు 6కి తక్కువ ఉన్నాయి, రీటేక్ ఒక్కదానికే, కాబట్టి ఇప్పుడున్న స్కోర్‌కి అది నీకు పనికిరాదు, మొత్తం టెస్టే రాయాలి. ఈసారి రాశాక ఒక్కటే తగ్గితే అప్పుడు అది వాడుకో, కాకపోతే యూనివర్సిటీ ఒప్పుకుంటుందో లేదో ముందే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకో. రీవాల్యుయేషన్ కూడా ఆరు వారాల్లోపు పెట్టుకోవచ్చు, స్కోర్ మారితే ఆ ఫీజు వెనక్కి ఇస్తారు, కానీ రెండు సెక్షన్లూ పెరుగుతాయని దాని మీద ఆశ పెట్టుకుని చదవడం ఆపకు.

పల్నాడు_కుర్రాడు:

అక్కా, అన్నలూ, చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ముఖ్యంగా ఆనకట్ట ఉదాహరణతో నాట్ గివెన్ మొదటిసారి అర్థమైంది, నేను చేస్తున్నది అదే, నాకు తెలిసిన విషయంతో ఆన్సర్ పెడుతున్నా. రెండు డౌట్లు. ప్యాసేజ్ ముందు చదవాలా లేక ప్రశ్నలు ముందు చదవాలా, కోచింగ్‌లో ప్రశ్నలే ముందు అంటారు, అలా చేస్తే పేరాలకి హెడింగ్స్ మ్యాచ్ చేసేవి అన్నీ తప్పుతున్నాయి. రెండోది, టెంప్లేట్ మొత్తం వదిలేస్తే ఎగ్జామ్‌లో మొదటి లైన్ ఎలా మొదలుపెట్టాలో తోచదేమో అని భయంగా ఉంది.

నల్లమల_చదువరి:

ప్రశ్నలు ముందు చదివే పద్ధతే నాకు పనికొచ్చింది, ప్యాసేజ్ మొత్తం చదివితే నాకు ఐదారు నిమిషాలు పోయేవి, చదివింది సగం గుర్తుండేది కాదు. ప్రశ్నలో పేరో, సంవత్సరమో, పెద్ద అక్షరంతో మొదలయ్యే మాటో పట్టుకుని ప్యాసేజ్‌లో అది వెతికితే ఆన్సర్ ఆ చుట్టుపక్కలే ఉండేది. కంప్యూటర్‌లో ఎడమ పక్క ప్యాసేజ్, కుడి పక్క ప్రశ్నలు ఒకేసారి కనపడతాయి కాబట్టి ఇంకా సులువు, హైలైట్ కూడా చేసుకోవచ్చు.

గోదారి_గట్టు:

నల్లమల గారు చెప్పింది ఖాళీలు నింపేవాటికీ, ట్రూ ఫాల్స్‌కీ చక్కగా పనిచేస్తుంది, వాటికి నేనూ అదే చెప్తాను. హెడింగ్స్ మాత్రం వేరు తమ్ముడూ, అక్కడ పేరా మొత్తం సారాంశం అడుగుతున్నారు, ఒక మాట దొరకగానే అతికించేస్తే తప్పుతుంది. హెడింగ్‌లో ఉన్న మాటే పేరాలోనూ కనపడిందంటే చాలాసార్లు అది నిన్ను పక్కదారి పట్టించడానికే పెట్టి ఉంటారు. పేరాల కంటే హెడింగ్స్ ఎక్కువ ఇస్తారు కూడా, అంటే కొన్ని ఏ పేరాకీ చెందవు. అందుకని హెడింగ్స్ లిస్ట్ పక్కన పెట్టి పేరా చదువు, చదివాక ఇది దేని గురించి అని తెలుగులోనే ఒక ముక్క మనసులో అనుకో, అప్పుడు లిస్ట్‌లో నీ ముక్కకి దగ్గరగా ఉన్నది వెతుకు. మొదటి లైన్ చదివి వదిలేయకు, చాలా పేరాల్లో మధ్యలో "అయితే" అని ఒక మలుపు వస్తుంది, అసలు సంగతి ఆ తర్వాతే ఉంటుంది. ఏ పేరాలో ఫలానా సమాచారం ఉంది అని అడిగేవి వరసలో రావు, వాటిని ఆ ప్యాసేజ్‌లో అన్నిటికంటే చివర చెయ్యి, అప్పటికి ప్యాసేజ్ నీకు సగం పైన తెలిసిపోయి ఉంటుంది.

ఇంకోటి, మాక్ మీద మాక్ రాసుకుంటూ పోకు. ఒక మాక్ రాశాక దాన్ని మర్నాడు పూర్తిగా విప్పు. తప్పిన ప్రతి ప్రశ్న పక్కన ఎందుకు తప్పిందో ఒక్క మాట రాయి: పదం తెలియలేదు, లైన్ దొరకలేదు, లైన్ దొరికినా తప్పుగా అర్థం చేసుకున్నా, టైం లేదు. నాలుగైదు మాక్‌లు అయ్యాక ఆ నోట్‌బుక్ చూస్తే నీ మార్కులు ఎక్కడ పోతున్నాయో నీకే కనపడుతుంది, పదాలు తెలియకపోతే రోజూ ఇంగ్లీష్ పేపర్‌లో సైన్స్ పేజీ, ఎడిటోరియల్ చదవాలి, లైన్ దొరక్కపోతే వెతకడం ప్రాక్టీస్ చేయాలి, రెండింటికీ మందు ఒకటి కాదు. ప్రాక్టీస్‌కి టెస్ట్ పెట్టేవాళ్లు ఇచ్చే అఫీషియల్ పేపర్లే వాడు, బయట దొరికే వాటిలో కొన్నిటికి ఆన్సర్ కీలే తప్పుగా ఉంటాయి, అవి చూసి మంచి పిల్లలు కూడా తికమక పడిపోవడం చూస్తున్నాను.

మెల్‌బోర్న్_ఓరుగల్లు:

మొదటి లైన్ గురించి భయపడకు తమ్మీ. టెంప్లేట్ వదిలెయ్యమన్న గని ఒక వరుస ఉండొద్దని కాదు. ఫస్ట్ ఐదు నిమిషాలు ఏం రాయకు, ప్రశ్న రెండుసార్లు చదువు, ఎన్ని భాగాలు అడిగిన్రో లెక్కపెట్టు, కారణాలు, పరిష్కారాలు రెండూ అడిగితే ఒక్కటే రాసి ఊకుంటే అక్కడనే మార్కు పోతది. నీ అభిప్రాయమేందో, రెండు పాయింట్లేందో ముక్కలు ముక్కలుగ రాసుకో. మొదటి వాక్యంల ప్రశ్నను నీ మాటల్ల చెప్పు, రెండో వాక్యంల నీ అభిప్రాయం సూటిగ చెప్పు, అయిపోయింది ఇంట్రడక్షన్. ప్రశ్నల ఉన్న లైన్‌ను అట్లనే దించితే ఆ పదాలు లెక్కల నుంచి తీసేస్తరు. మొదట్ల ఒప్పుకుంటున్న అని చెప్పి చివర్ల రెండు వైపులా కరెక్టే అని ముగించొద్దు, మొదటి నుంచి చివరి దాకా ఒక్క మాట మీద ఉండాలె.

ఒక్కటి చెయ్యి, కార్ల టాపిక్ మీదనే 40 నిమిషాల టైమర్ పెట్టుకుని ఒక ఎస్సే రాసి ఇక్కడ పెట్టు, దిద్దకుండ ఎట్లున్నది అట్లనే పెట్టు. నేను శని, ఆదివారాలు ఖాళీగనే ఉంట, లైన్ లైన్ చూసి చెప్త.

పల్నాడు_కుర్రాడు:

సరే అన్నా, శుక్రవారం లోపు రాసి పెడతా. అక్కా, డేట్ ఎప్పుడు బుక్ చేసుకోవచ్చో కూడా చెప్పండి.

గోదారి_గట్టు:

టైమర్ పెట్టి, మధ్యలో ఆపకుండా రాసిన మాక్‌లలో వరసగా 27, 28 పైన వస్తుంటే అప్పుడు తీసుకో, ఒకసారి 29 వచ్చి తర్వాత 21 వస్తే ఇంకా ఆగు. యూనివర్సిటీ అప్లికేషన్ గడువు ఎప్పుడో చూసుకుని, ఒకవేళ ఒక్క సెక్షన్ రీటేక్ రాయాల్సి వచ్చినా టైం సరిపోయేలా వెనక్కి లెక్క వేసుకుని డేట్ పెట్టుకో.